ఆరేళ్ళ మనవడి చేతికి సూది ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది భీమవరం. మావారు పోయాక హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాను. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. మనవడికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. మనవరాలికి ఏడాదిన్నర. నా పాత తొక్కుడు మిషన్ కూడా నాతోపాటే తెచ్చుకున్నాను. నేను చీరలకి ఫాల్స్ కుట్టుకుంటుంటే మనవడు పక్కనే చేరి "నాన్నమ్మా, నేనూ కుడతా" అని ఒకటే గొడవ. సరదా పడుతున్నాడు కదా అని ఒకరోజు సూదీ దారం ఇచ్చాను. వేలికి గుచ్చుకుని చిన్న రక్తం బొట్టు వచ్చింది. వాడు ఏడవలేదు గానీ సాయంత్రం కోడలు చూసి బాగా కంగారు పడింది. "కంట్లో గుచ్చుకుంటే ఏం చేస్తాం అత్తయ్యా" అంది. మావాడేమో "మగపిల్లాడికి ఈ కుట్లు అల్లికలు ఎందుకమ్మా" అని తీసిపారేశాడు. పైగా పిల్లాడిది ఎడమచేతి వాటం. వాడు మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నాడు. నాకు నేర్పాలని ఉంది. ఇంట్లో మాట రాకుండా, పిల్లాడికి దెబ్బ తగలకుండా ఎలా మొదలుపెట్టను? మిషన్ మీద ఎప్పుడు కూర్చోబెట్టొచ్చు?

సమాధానం: నేర్పండమ్మా. ఆరేళ్ళ పిల్లాడు తనంతట తాను రోజూ వచ్చి అడుగుతున్నాడంటే ఇంతకంటే మంచి సమయం రాదు. ఇంకో నాలుగేళ్ళు పోతే మీరు పిలిచినా రాకపోవచ్చు. కాకపోతే సూది కంటే ముందు సర్దుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు మీ కోడలి సంగతి. ఆవిడ భయం అనవసరమైనది కాదు. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే తల్లికి, తను లేని వేళ పిల్లాడి వేలు రక్తం కారిందంటే మనసు ఊరుకోదు. అందులోనూ ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది. కింద పడ్డ సూది మీకన్నా ముందు పాపకే దొరుకుతుంది, దొరికింది దొరికినట్టు నోట్లోకి పోతుంది. అందుకని ఆవిడని వాదించి ఒప్పించాలని చూడకండి, ఈ పనిలో కలుపుకోండి. ఒక ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు కుట్టు డబ్బా తెరిచి చూపించండి. "వాడికి ఇచ్చేది ఇదిగో ఈ సూదేనమ్మా, మొన మొద్దుగా ఉంటుంది. పాప నిద్రపోయినప్పుడే తీస్తాను. అయ్యాక లెక్కపెట్టి పైఅరలో పెడతాను" అని చెప్పండి. మొదటి రోజు ఆవిడ ఎదురుగానే కుట్టించండి. మీరు పక్కన లేకుండా సూది ముట్టుకోకూడదన్న నియమం పిల్లాడికి వాళ్ళమ్మ నోటితోనే చెప్పించండి. అప్పుడది అత్తగారి సరదా కాకుండా ఇంటి పద్ధతి అవుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. "అమ్మకి చెప్పకురా" అని మీ నోట ఎప్పుడూ రాకూడదు. రేపు మళ్ళీ వేలికి గుచ్చుకుంటుంది, తప్పదు. ఆ సాయంత్రం మీరే ముందుగా చెప్పేయండి. పిల్లాడు దాచిపెట్టడం నేర్చుకున్నాడంటే ఆ తర్వాత నిజంగా పెద్ద దెబ్బ తగిలినా దాస్తాడు. కోడలికి మీమీదున్న నమ్మకం కూడా అక్కడితో సరి.

గుచ్చుకున్నప్పుడు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. సబ్బుతో కడిగి కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు. 5–6 ఏళ్ళ మధ్య పిల్లలకి డీపీటీ బూస్టర్ వేస్తారు, ధనుర్వాతం నుంచి కాపాడేది అందులోనే ఉంటుంది. మీ మనవడికి వేయించారో లేదో కోడలిని అడిగి తెలుసుకోండి. ఆ మాట మీరు అడిగితే ఆవిడకీ ధైర్యం. తుప్పు పట్టిన సూదులు డబ్బాలో ఒక్కటి కూడా ఉంచకండి. సూది విరిగి ముక్క లోపల ఉండిపోతే మాత్రం ఇంట్లో కెలక్కుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

సూదుల విషయంలో మన పెద్దవాళ్ళకి ఒక అలవాటుంది. మధ్యలో లేవాల్సి వస్తే సూదిని జాకెట్టుకో పమిట చెంగుకో గుచ్చుకుని వెళ్ళిపోతాం. ఆ వెంటనే పాప వచ్చి మెడ కావలించుకుంటుంది. ఆ అలవాటు ఈరోజే మానేయండి. చిన్న సూదుల దిండు ఒకటి చేసుకుని, లేచే ముందు అందులో గుచ్చి, దిండుతో సహా డబ్బాలో పెట్టండి. తీసినవి ఎన్నో, పెట్టినవి ఎన్నో లెక్కపెట్టే పని పిల్లాడికివ్వండి. ఆరేళ్ళవాళ్ళకి అలాంటి ఉద్యోగాలంటే ప్రాణం. ఒకటి తగ్గితే మీకంటే వాడే ముందు వెతుకుతాడు. ఒక అయస్కాంతం ముక్క కూడా డబ్బాలో ఉంచండి, కింద పడ్డ సూది చాప సందుల్లోంచి ఇట్టే దొరుకుతుంది. గుండీలు కూడా పాపకి అందకూడదు, గొంతులో అడ్డుపడతాయి.

ఇక మీ అబ్బాయి. ఆ మాట మీద వాదన పెట్టుకోకండి. అతని ప్యాంట్లూ చొక్కాలూ కుట్టిన టైలర్ మగవాడే అయ్యుంటాడు. పరుపులు కుట్టేవాళ్ళూ చెప్పులు కుట్టేవాళ్ళూ ఎక్కువమంది మగవాళ్ళే. మీ గోదావరి జిల్లాల తీరంలో చిరిగిన వలలు ముందేసుకుని బాగుచేసుకునే జాలర్లని మీరు చూసే ఉంటారు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులు విడివిడిగా కోసిన కాళ్ళనీ చేతులనీ దారంతోనే కలిపి, బొమ్మ ఆడేలా చేస్తారు. డాక్టర్లు గాయానికి వేసేదీ కుట్లే. ఇవన్నీ మీ అబ్బాయికి తెలియనివి కావు, ఎప్పుడూ ఆలోచించి ఉండడు, అంతే. మీరు నోటితో చెప్పే కంటే పిల్లాడి చేత చెప్పించే దారి ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు సామాను. మీకు హైదరాబాదులో కొట్లు కొత్త కావచ్చు. కోఠీలో సుల్తాన్ బజార్, సికింద్రాబాద్‌లో జనరల్ బజార్ వైపు వెళ్తే కుట్టు సామాను అన్నీ దొరుకుతాయి. ఉన్ని కుట్టే సూది అని అడగండి. మొన గుండ్రంగా, బెజ్జం పెద్దగా ఉంటుంది. ప్లాస్టిక్ సూదులు కూడా ఇస్తారు గానీ అవి మామూలు గుడ్డలోకి దిగవు, వంగిపోతాయి, పిల్లాడికి విసుగొస్తుంది. ఇంట్లో దబ్బనం ఉంది, లావుగా ఉంది కదా అని అది మాత్రం ఇవ్వకండి. గోనెసంచిని చీల్చుకుపోయే మొన అది.

మొద్దు సూది దిగాలంటే గుడ్డ నేత వదులుగా ఉండాలి. దానికి మాటీ క్లాత్ బాగుంటుంది, నేతలోనే చిన్న చిన్న గళ్ళూ కన్నాలూ ఉంటాయి. అందులోనూ గళ్ళు పెద్దగా ఉన్న రకం తీసుకోండి. అర మీటరు తెచ్చుకుంటే చాలా రోజులు వస్తుంది. దాన్ని బిగించడానికి ఐదారు అంగుళాల చెక్క ఫ్రేమ్ ఒకటి. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం రెండు మూడు ముదురు రంగుల్లో తీసుకోండి, రంగులు వాడినే ఏరుకోనివ్వండి. పాత పట్టుచీర ముక్కలూ సిల్కు ముక్కలూ ఎంత అందంగా ఉన్నా ఇప్పుడు వద్దు, జారిపోతాయి.

దారం ఎంత తీసుకోవాలన్న దగ్గరే పిల్లల కుట్టు సగం పాడవుతుంది. మాటిమాటికీ ఎక్కించడం ఎందుకని బారెడు తీస్తాం, అది చిక్కుపడుతుంది, పిల్లాడు సూది విసిరి కొడతాడు. వాడి చేతితో రెండు మూరలు కొలవండి, మీ చేతితో కాదు. ఆరు పోగుల్లో మూడు విడదీసి సూదిలో ఎక్కించి, రెండు కొసలూ కలిపి ఒకటే ముడి వేయండి. అప్పుడు కుట్టడానికి సరిగ్గా మూరెడు దారం ఉంటుంది, వాడు ఎంత లాగినా సూదిలోంచి ఊడిరాదు. వాడి చెయ్యి చాచినంత మేరకే దారం సాగుతుంది కాబట్టి పక్కవాళ్ళ మొహం మీదికి సూది పోదు. మీ కోడలి కంటి భయానికి సగం జవాబు ఇదే. మిగతా సగం ఏమిటంటే, వాడు కుడుతున్నప్పుడు మీరు వాడి మీదికి వంగకూడదు. గుండీ ఊడింది కదా అని వాడి ఒంటిమీద చొక్కా ఉండగానే కుట్టే ప్రయత్నమూ చేయకండి. ఒంటిమీదున్న బట్టకి కుట్టకూడదని పెద్దవాళ్ళు ఎందుకు అన్నా, పిల్లల విషయంలో అది పాటించాల్సిన మాటే.

ఎడమచేతి వాటం గురించి దిగులు పడకండి. చెయ్యి మార్పించే ప్రయత్నం అసలే వద్దు. కుడిచేతి పిల్లలకి పక్కన కూర్చుని చూపిస్తాం, మీరు వీడికి ఎదురుగా కూర్చోండి. అద్దంలో చూసుకున్నట్టు మీ కుడిచెయ్యి ఎటు కదిలితే వాడి ఎడమచెయ్యి అటే కదులుతుంది. మీరు కుడి నుంచి ఎడమకి కుడతారు, వాడు ఎడమ నుంచి కుడికి కుడతాడు. వెలుతురు వాడి కుడిపక్క నుంచి పడేలా చూసుకోండి, లేకపోతే చేతి నీడ కుట్టు మీద పడి ఏమీ కనిపించదు. కత్తెర దగ్గరే అసలు ఇబ్బంది. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే కోసే గీత అంచు వెనక దాక్కుంటుంది, గుడ్డ తెగకుండా నలుగుతుంది. ఎడమచేతివాళ్ళ కోసం చేసిన, మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర ఒకటి కొనండి. మీ పెద్ద కత్తెర బరువు వాడు ఇప్పుడే మోయలేడు, గుడ్డ కత్తిరించే పని మీదే.

మొదటి రోజు ఫ్రేమ్ బిగించిన గుడ్డ మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి, దాని మీద ఒక ఎర్ర చుక్క, ఒక నీలం చుక్క వరసగా పెట్టండి. ఎర్ర చుక్కలో సూది లోపలికి వెళ్తుంది, నీలం చుక్కలోంచి పైకి వస్తుంది. పిల్లలందరూ ఒకటే చేస్తారు: పైనుంచి దింపిన సూదిని ఫ్రేమ్ చుట్టూ తిప్పి తెచ్చి మళ్ళీ పైనుంచే దింపుతారు. దారం ఫ్రేమ్ చెక్కకి చుట్టుకుపోతుంది. అప్పుడు తప్పు అనకండి. ఫ్రేమ్ తిప్పి అడుగున చూపించి, "కిందికి వెళ్ళినవాడు కిందనుంచే ఎక్కి రావాలి కదరా" అనండి. రెండు మూడు సార్లకి వాడికే తెలుస్తుంది. ఫ్రేమ్‌ని ఒళ్ళో పెట్టుకోనివ్వకండి, నిక్కరు కూడా కలిపి కుట్టేస్తారు. ముందు ఒక పీట వేసి దాని అంచు మీద ఆనించుకోమనండి.

పదిహేను నిమిషాలు చాలు. ఇంకా కుడతానంటుండగానే ఆపండి, రేపు వాడే వచ్చి పిలుస్తాడు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. వాడు వేసిన కుట్టు వంకరగా ఉంటుంది. ఒకటి గింజంత, ఇంకొకటి బెత్తెడు. మీరు ఇన్నేళ్ళు చీర అంచుకి ఫాల్ కనపడకుండా హెమ్మింగ్ చేసిన మనిషి. ఆ కుట్టు చూస్తే మీ చెయ్యి ఊరుకోదు. పిల్లాడు నిద్రపోయాక విప్పి, నాలుగు మంచి కుట్లు వేసి పెడదామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. కుట్టు నేర్పేటప్పుడు నేను మళ్ళీ మళ్ళీ చూసిందిది: పిల్లలు తమ కుట్టుని గుర్తుపడతారు. ఏ కుట్టు దగ్గర దారం తెగిందో, ఎక్కడ రంగు మారిందో వాళ్ళకి గుర్తుంటుంది. పొద్దున లేచి చూస్తే అన్నీ సమంగా ఉన్నాయంటే, తనది నాన్నమ్మకి నచ్చలేదని వాడికి అర్థమైపోతుంది. పైకి ఏమీ అనడు, సూది అడగడం మానేస్తాడు. కుట్టు విడిపోయే చోట ఉంటే "ఇక్కడ గట్టిగా ఉండాలంటే ఏం చేద్దాం?" అని వాడినే అడిగి, వాడి చేతనే వెనక్కి వచ్చి రెండు కుట్లు వేయించండి. విప్పమని వాడంతట వాడు అడిగితే అప్పుడు విప్పండి. అది కూడా వాడి చేతే.

అలాగే బాగుంది, సూపర్ అని ప్రతి కుట్టుకీ అనక్కర్లేదు. "ఈ మూడూ ఒకే పొడుగు వచ్చాయి చూడు" అంటే చాలు. ఏది కుదిరిందో వాడికి తెలుస్తుంది.

చెయ్యి కాస్త కుదిరాక, గుడ్డ మీద చూపు నిలవడం మొదలయ్యాక, మామూలు సూది ఇవ్వొచ్చు. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది కాబట్టి చిన్న నంబరుది అడగండి. గుడ్డకి మీ ఇంట్లోనే మంచి సరుకు ఉంటుంది: పాత గళ్ళ లుంగీ, గళ్ళ తువ్వాలు. గీతలు నేతలోనే ఉన్నాయి, మనం గీయక్కర్లేదు. గీత వెంట పోతే కుట్టు తిన్నగా వస్తుంది, ఒక గడి పైన ఒక గడి కింద అనుకుంటే సమంగా వస్తుంది.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతికి వద్దాం. మామూలు సూది పట్టాక మనవడికి నేర్పే మొదటి పని గుండీ కుట్టడం. ముందు లుంగీ ముక్క మీద కోటు గుండీ లాంటి పెద్దది, నాలుగు కన్నాలది తీసుకుని అలవాటు చేయండి. గుండీకీ గుడ్డకీ మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి కుట్టమనండి. అయ్యాక పుల్ల లాగేసి, ఆ వదులులో దారాన్ని గుండీ కింద మూడు చుట్లు చుట్టి ముడేస్తే కాజాలో గుండీ సులువుగా పడుతుంది. అది వచ్చాక ఇంట్లో మీ అబ్బాయి చొక్కాల్లో గుండీ వదులైనది ఏది ఉందో వెతికించండి. ఆ గుండీ మనవడు కుట్టాలి. మర్నాడు ఆ చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళమని మీ అబ్బాయికి చెప్పండి. మగపిల్లాడికి కుట్లెందుకన్న మాటకి మీరు వేరే జవాబు వెతుక్కోనక్కర్లేదు.

ఆ తర్వాత గోలీలు పెట్టుకునే సంచి. ఆరంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల పొడవు గళ్ళ గుడ్డ కత్తిరించి ఇవ్వండి. రెండు పొట్టి అంచులనీ అంగుళమున్నర చొప్పున లోపలికి మడిచి కుట్టిస్తే నాడా పట్టే గొట్టాలు తయారవుతాయి. తర్వాత మంచివైపు లోపలికి ఉండేలా గుడ్డని సగానికి మడిచి, రెండు పక్కలా గొట్టాల కింద నుంచి అడుగు దాకా కుట్టించండి. మొదట్లోనూ చివర్లోనూ మాత్రం వెనక్కి వచ్చి రెండు మూడు కుట్లు పడాలి, లేకపోతే గోలీల బరువుకి అక్కడే విడిపోతుంది. తిరగేశాక నాడాకి పిన్నీసు గుచ్చి ఒక గొట్టంలోంచి పంపించి రెండో గొట్టంలోంచి బయటికి తీయాలి. గుడ్డ లోపల పాకుతున్న పిన్నీసుని వేళ్ళతో తడుముకుంటూ ముందుకు నెట్టడం పిల్లలకి ఎంత ఇష్టమో మీరే చూస్తారు. నాలుగైదు రోజులు పట్టినా పట్టనివ్వండి. మీ ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఆనవాయితీ ఉంటే, ఈసారి బొమ్మలకి పరిచే చిన్న తివాచీలు వాడి చేత కుట్టించవచ్చు.

మీకూ వాడి వల్ల ఒక లాభం ఉంది. మన వయసులో సూదిలో దారం ఎక్కించడమే పెద్ద పని. ఆ పని వాడికి అప్పజెప్పండి. దారం కొసని ఏటవాలుగా కత్తిరించి, కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే పోగులు విడిపోకుండా నిలబడుతుందని నేర్పండి. మీరు పిలిచినప్పుడల్లా వచ్చి ఎక్కించి పెడతాడు. మీకు నిజంగా అవసరమైన పని అది, వాడికీ ఆ సంగతి తెలుస్తుంది.

మిషన్ మాత్రం ఇప్పుడే వద్దు. కాళ్ళు పెడల్ మీద పూర్తిగా ఆని, చూపు సూది మీదే ఉంచగలిగే దాకా ఆగండి. తొమ్మిది పదేళ్ళు రావాల్సిందే. మోటారు బిగించాలన్న ఆలోచన ఉంటే అది ఇంకా తర్వాత. మీరు మిషన్ మీద లేనప్పుడు కింద చక్రానికున్న తోలు బెల్టు తప్పించి ఉంచండి. పాప పెడల్ మీద ఎక్కి ఆడుకున్నా పైన సూది కదలదు, కింద చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అంతదాకా మిషన్ దగ్గరికే రానివ్వకూడదని కాదు. బెల్టు తీసేసి, దారం లేకుండా, పాత నోటు పుస్తకంలోంచి గీతల కాగితం ఒకటి సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం కింద పెట్టండి. కాగితం మీరు పట్టుకోండి, పైనున్న చిన్న చక్రం వాడు చేత్తో తిప్పుతాడు. గీత వెంట సన్నటి కన్నాలు పడతాయి. కాగితం మీద నడిచిన సూది మొద్దుబారుతుంది కాబట్టి దానికి పాతది ఒకటి పక్కన పెట్టుకోండి. ఇంకోరోజు పైన ఎర్ర దారం, కింద బాబిన్ అనే చిన్న కండెలో తెల్ల దారం ఎక్కించి నాలుగు కుట్లు వేసి, గుడ్డ రెండు వైపులా చూపించండి. పైన అంతా ఎరుపు, కింద అంతా తెలుపు. రెండు దారాలు గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయో చూపించాలంటే ఆ కుట్టుని కొద్దిగా లాగి పట్టుకోండి. బాబిన్ ఉండే చోట పైనున్న షటిల్ మూత తీసి, చక్రం మెల్లగా తిప్పిస్తూ పైదారం బాబిన్ చుట్టూ ఎలా తిరిగి వస్తుందో చూడనివ్వండి. వాడు వరసపెట్టి ప్రశ్నలేస్తాడు. కొన్నిటికి మీకు జవాబు తెలియకపోతే సాయంత్రం వాళ్ళ నాన్నని కూడా మిషన్ దగ్గరికి పిలవండి.